కెప్టెన్ చార్లీ బార్: తనది కాని ఓడకు నమ్మకమైన నాయకుడు

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల వారికి సముద్రము దూరపు సంగతి. గోదావరిలో పుట్టి వేసికొని చేపలు పట్టువారిని చూచితిమి గాని, తెరచాపలెత్తిన పెద్ద ఓడను చూచినవారు మనలో అరుదు. అయినను అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము చదివిన ప్రతివారికిని ఒక సంగతి తెలియును. ఓడ యజమానుడు వేరు, ఓడ నడుపువాడు వేరు. ఓడ ఒకనిది, దానిని గాలిలోను కెరటములలోను కాపాడు చెయ్యి మరియొకనిది. ఆ రెండవవాని పేరును లోకము తరచుగా మరచిపోవును. ఈ నెల మనము అట్టి రెండవవాని జీవితమును తెలిసికొందము. ఆయన చార్లీ బార్ అను కెప్టెను. పందెపు ఓడలను నడిపి అమెరికా దేశమునకు మూడు మారులు గొప్ప గెలుపు తెచ్చెను. ఆయనకు పేరు తెచ్చిన ఆ ఓడలలో ఒక్కటియు ఆయన సొంతము కాదు.

మొదట ఈ పందెమేమిటో చెప్పుదుము. 1851వ సంవత్సరము ఆగస్టు 22న ఇంగ్లాండు దేశపు దక్షిణ తీరమున, వైట్ ద్వీపము చుట్టు తెరచాప ఓడల పోటీ జరిగెను. న్యూయార్కు నుండి వచ్చిన అమెరికా అను ఓడ, రిచర్డ్ బ్రౌన్ అను కెప్టెను నడుపగా, అందులో గెలిచెను. బహుమానముగా ఒక వెండి కూజా దొరికెను. ఓడ పేరును బట్టియే దానికి అమెరికా కప్పు అను పేరు నిలిచెను. న్యూయార్కు యాట్ క్లబ్బువారు దానిని దాచుకొని, ఏ దేశమువారైనను వచ్చి గెలిచి తీసికొనిపోవచ్చునని ప్రకటించిరి. ఎందరో వచ్చిరి, ఓడిపోయి తిరిగి వెళ్ళిరి. 132 సంవత్సరములు అది అమెరికాలోనే ఉండెను. 1983లో మాత్రమే ఆస్ట్రేలియావారు దానిని గెలుచుకొనిరి. ఇందులో విచిత్రమేమనగా, ఆ కూజాకు అడుగు లేదు. చెంబెడు నీళ్ళైనను అందులో నిలువవు. అట్టి పాత్ర కొరకు కోటీశ్వరులు లెక్కలేనంత ధనము పోసిరి.

ధనము పోసినవారు ఓడ నడుపలేదు. నడుపుటకు జీతమిచ్చి కెప్టెనును, నావికులను పెట్టుకొనిరి. ప్రాణము మీదికి వచ్చినప్పుడు నష్టపోయినది ఎక్కువగా ఈ జీతగాండ్రే. 1866 డిసెంబరులో ముగ్గురు ధనవంతులు తలకు 30,000 డాలర్లు ఒడ్డి, మూడు ఓడలను అట్లాంటిక్ మహాసముద్రము మీదుగా ఇంగ్లాండుకు పంపిరి. హెన్రియెట్టా అను ఓడ క్రిస్మసు దినమున తీరము చేరి గెలిచెను. కాని దారిలో ఫ్లీట్‌వింగ్ అను మరియొక ఓడ మీదికి పెద్ద కెరటమొకటి విరుచుకొనిపడి ఆరుగురు నావికులను కొట్టుకొనిపోయెను. గెలిచిన యజమానుని పేరు చరిత్రలో నిలిచినది. ఆ ఆరుగురి పేర్లు ఎందరికి తెలియును? చార్లీ బార్ ఈ జీతగాండ్ర గుంపులో నుండి పైకి వచ్చినవాడని మనము మరువరాదు.

ఆయన 1864 జూలై 11న స్కాట్లాండు దేశములో, క్లైడ్ నది సముద్రమున కలియు చోటనున్న గూరాక్ అను ఊరిలో పుట్టెను. చిన్నతనమున ఆయనను కిరాణా దుకాణములో పని నేర్చుకొనుటకు పెట్టిరి. తక్కెడ దగ్గర కూర్చుండుట ఆయనకు సరిపడలేదు. చేపల పడవలలో చేరెను, పిమ్మట ధనవంతుల పందెపు ఓడలలో కూలి నావికుడాయెను. జాన్ బార్ అను ఆయన సవతి అన్న అప్పటికే ఆ పనిలో పేరుపొందినవాడు. 1885లో క్లారా అను చిన్న ఓడను అమెరికాలోని కొనుగోలుదారునికి అప్పగించుటకై అన్నదమ్ములిద్దరు అట్లాంటిక్ మహాసముద్రము దాటిరి. ఆ విధముగా ఇరువది యొక్క సంవత్సరముల వయస్సులో చార్లీ బార్ అమెరికా నేల మీద కాలు పెట్టెను.

1888లో ఆయన మినర్వా అను మరియొక చిన్న ఓడను స్కాట్లాండు నుండి తానే నాయకుడై తీసికొనివచ్చెను. అమెరికాలో ఆ తరగతికి చెందిన ఓడలను అది వరుసగా ఓడించెను. ఎవరీ పొట్టివాడని జనులు అడుగసాగిరి. ఆయన నిజముగా పొట్టివాడే. ఎత్తు అయిదు అడుగుల మూడు అంగుళములు. నల్లని మీసము, తక్కువ మాటలు, ఎక్కువ చూపు. ఒకరి తరువాత ఒకరుగా యజమానులు ఆయనను పిలిచిరి. ఆయన అమెరికాలోనే స్థిరపడి, ఆ దేశపు పౌరుడాయెను.

ఆయన తెలివి ఎందులో ఉన్నదో తెలిసికొనవలెనంటే ఓడ ఎట్లు పోవునో కొంచెము తెలియవలెను. వెనుక నుండి గాలి వీచినప్పుడు తెరచాప నిండి ఓడ సాగుట ఎవరికైనను అర్థమగును. ఎదురుగాలి వీచినప్పుడు ఓడ దానికి నేరుగా పోజాలదు. నిండు బండి గుట్టను నేరుగా ఎక్కలేక వంకరలు తిరుగుచు ఎక్కునట్లు, ఓడ కొంతసేపు ఒక వైపునకు, కొంతసేపు మరియొక వైపునకు వాలుగా పోవుచు ముందుకు సాగును. మలిపిన ప్రతిమారును వేగము తగ్గును. ఎప్పుడు మలుపవలెను, ఎక్కడ గాలి మారబోవుచున్నది, నీటి రంగు ఏమి చెప్పుచున్నది అనునవి చూచి క్షణములో నిర్ణయించువాడే నాయకుడు.

పందెము ఆరంభము మరింత కష్టము. ఎడ్ల బండ్ల పందెములో ఎడ్లను గీత దగ్గర నిలిపి పట్టుకొనవచ్చును. తెరచాప ఓడను అట్లు నిలుపుట కుదరదు. అందుచేత సంకేతము వచ్చువరకు ఓడలు గీత వెనుక చుట్లు తిరుగుచుండును. సంకేతము వచ్చిన క్షణమున, ఒక్క అర క్షణమైనను ముందు గాక, నిండు వేగముతో గీత దాటవలెను. ముందు దాటిన ఓడ వెనుకకు మరలవలెను. ఇందులో బార్‌కు సాటి ఎవరును లేరని అందరు ఒప్పుకొనిరి. నూరు అడుగులకు మించిన ఓడను ఆయన చిన్న దోనెవలె త్రిప్పెను. ప్రక్క ఓడకు వెంట్రుకవాసి దూరములో సాగి ఎదుటివాని గుండె అదరగొట్టుట కూడ ఆయనకు అలవాటు. నియమము తప్పలేదు గాని, నియమపు అంచు వరకు పోయెను. ఆయన కఠినుడని, మరీ సాహసియని తప్పుపట్టినవారు లేకపోలేదు. ఆ సంగతియు ఇచ్చట చెప్పుట న్యాయము.

1899లో ఆయనకు పెద్ద పరీక్ష వచ్చెను. ఆ సంవత్సరము అమెరికా కప్పు కొరకు సవాలు చేసినవాడు సర్ థామస్ లిప్టన్. లిప్టన్ టీ పొట్లము ఎరుగని ఇల్లు మన ఊళ్ళలో తక్కువ. ఆ లిప్టనే ఈ లిప్టన్. ఆయన క్లైడ్ నది ఒడ్డుననున్న గ్లాస్గో పట్టణములో బీద ఇంట పుట్టి, 1871లో ఒక చిన్న కిరాణా దుకాణము తెరచి, సింహళములో తేయాకు తోటలు కొని, మహా ధనవంతుడాయెను. ఆయన ఓడ పేరు షామ్‌రాక్. దాని నెదుర్కొనుటకు అమెరికావారు కొలంబియా అను ఓడను కట్టించిరి. దాని యజమానులలో ముఖ్యుడు జె. పి. మోర్గన్ అను బ్యాంకుల అధిపతి. కట్టినవాడు బ్రిస్టల్ పట్టణపు నతానియేల్ హెరెషాఫ్. నడుపుటకు ఏర్పరచుకొనబడినవాడు చార్లీ బార్.

అప్పుడు గొణుగుడు పుట్టెను. నాలుగేండ్ల క్రిందట, 1895లో, డిఫెండర్ అను ఓడను హాంక్ హాఫ్ అను అమెరికా కెప్టెను నడిపెను. నావికులందరు మెయిన్ రాష్ట్రములోని డీర్ ఐల్ అను ద్వీపమునుండి వచ్చిన అమెరికా చేపలవారు. దానిని ఆ దేశస్థులు గర్వముగా చెప్పుకొనిరి. ఇప్పుడు అమెరికా గౌరవమును స్కాట్లాండులో పుట్టినవాని చేతిలో పెట్టుదురా అని కొందరు సణిగిరి. ఎదుటివాడును క్లైడ్ ఒడ్డువాడే గదా, వీడు ఎవరి పక్షముననుండునో అని అనుమానించిరి. కాగితము మీద పౌరుడైనను, మనస్సులో పరదేశియే గదా అనునది వారి తలంపు.

బార్ వాదము పెట్టుకొనలేదు. పనియే ఆయన జవాబు. ఆయన క్రింద పనిచేసిన నావికులు ఆ డీర్ ఐల్ మనుష్యులే. అక్టోబరు నెలలో ఎన్నో దినములు గాలి చాలక పందెము సాగలేదు. చివరకు 16వ తేదీన గాలి వచ్చెను. కొలంబియా పది నిమిషముల ఎనిమిది సెకండ్ల తేడాతో గెలిచెను. మరునాడు షామ్‌రాక్ ఓడ స్తంభపు పై భాగము విరిగిపోయెను. 20వ తేదీన కొలంబియా ఆరు నిమిషములకు పైగా ముందుండి మూడవ గెలుపును కూడ తెచ్చెను. ఒకప్పుడు కిరాణా పని విడిచిన బాలుడు కిరాణా రాజును ఓడించెను. పరదేశియని సణిగినవారి నోళ్ళు మూతపడెను.

1901లో జరిగినది ఆయన పనితనమును ఇంకను స్పష్టముగా చూపును. లిప్టన్ రెండవ షామ్‌రాక్‌తో వచ్చెను. అమెరికావారు కాన్‌స్టిట్యూషన్ అను క్రొత్త ఓడను కట్టించిరి. బార్‌కు దొరికినది రెండేండ్ల పాతదైన కొలంబియాయే. క్రొత్త ఓడ వేగముగలదని అందరును తలంచిరి. కాని ఏ ఓడను నిలుపవలెనో తేల్చుటకు జరిగిన పరీక్షా పందెములలో బార్ పాత ఓడను ఎంత నేర్పుతో నడిపెననగా, క్లబ్బువారు క్రొత్తదానిని ప్రక్కకు పెట్టి పాతదానినే ఎన్నుకొనిరి. తుది పందెము అక్టోబరు 4న జరిగెను. షామ్‌రాక్ రెండు సెకండ్లు ముందుగా గీత దాటెను. అయితే ఓడల కొలతలను బట్టి చిన్నదానికి కొంత కాలము తగ్గించి లెక్కించు పద్ధతి ఉండెను. ఆ లెక్క ప్రకారము కొలంబియా 41 సెకండ్లతో గెలిచెను. ఒకే ఓడ రెండుసార్లు ఆ కప్పును కాపాడుట అదియే మొదటిసారి. మంచి పనిముట్టు దొరకలేదని పని మానుకొను మనకు ఇది ఆలోచింపదగిన సంగతి.

1903లో ఆయన చేతికి రిలయన్స్ అను ఓడ వచ్చెను. అంత పెద్ద పందెపు ఓడ ఆ కప్పు కొరకు ఎన్నడును పోరాడలేదు. ఓడ పొడవు 144 అడుగులు. దాని తెరచాపల వైశాల్యము 16,160 చదరపు అడుగులు. మన లెక్కలో చెప్పవలెనంటే, పదిహేను గుంటల పొలమంత గుడ్డను గాలిలో ఎత్తినట్లు. దానిని లాగి కట్టుటకు అరువదిమందికి పైగా నావికులు కావలసివచ్చెను. వారిలో ఎక్కువమంది స్కాండినేవియా దేశములవారు. అనగా స్కాట్లాండు బిడ్డ నాయకుడై, ఉత్తర దేశపు కూలీలు చేతులై, అమెరికా కప్పును కాపాడిరి. బిగిసిన త్రాడు ఒకటి తెగినను మనుష్యుల ప్రాణము మీదికి వచ్చును. అందుచేత ఆయన మాటకు ఆ ఓడలో ఎదురులేదు. ఆజ్ఞ వినబడిన వెంటనే ప్రతి చెయ్యి తన త్రాడు మీద ఉండవలెను. మూడవ షామ్‌రాక్ ఓడిపోయెను. సెప్టెంబరు 3న జరిగిన చివరి పందెములో పొగమంచు కమ్మగా షామ్‌రాక్ గమ్యపు గీతనే కనుగొనలేకపోయెను. రిలయన్స్ ఆ మంచులో నుండి దారి తప్పక వచ్చెను. ఆ విధముగా ఒకే నాయకుడు వరుసగా మూడు మారులు కప్పును కాపాడెను.

ఆయన పేరు అన్నిటికంటె ఎక్కువకాలము నిలుచుటకు కారణము 1905లో జరిగిన మహాసముద్రపు పందెము. జర్మనీ చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్ ఒక బంగారు గిన్నెను బహుమానముగా ప్రకటించెను. మే 17న న్యూయార్కు దగ్గరనున్న శాండీ హుక్ నుండి పదకొండు ఓడలు బయలుదేరెను. గమ్యము ఇంగ్లాండు దేశపు లిజార్డ్ కొన. దూరము సుమారు 3,000 సముద్రపు మైళ్ళు. బార్ నడిపినది అట్లాంటిక్ అను మూడు స్తంభముల ఓడ. యజమానుడు విల్సన్ మార్షల్, అతని అతిథులు కూడ ఓడలో నుండిరి. నడి సముద్రమున తుపాను పట్టుకొనెను. కెరటములు ఓడ మీదుగా పొర్లెను. చుక్కాని పట్టినవారిని నీరు కొట్టుకొనిపోకుండ త్రాళ్ళతో కట్టవలసివచ్చెను. భయపడి తెరచాపలన్నిటిని దింపినచో పందెము పోవును. మితిమీరి ఎత్తినచో ఓడ పోవును. ఆ రెంటి నడుమ నిలుచుటకే నాయకునికి జీతము. ఒక్క దినములో ఆ ఓడ 341 సముద్రపు మైళ్ళు పోయెను. 12 దినముల 4 గంటల 1 నిమిషము 19 సెకండ్లలో లిజార్డ్ చేరెను. రెండవ ఓడయైన హాంబుర్గ్ దాదాపు ఒక దినము వెనుకబడెను.

ఇక్కడ రెండు సంగతులను ప్రక్క ప్రక్కన పెట్టి చూతము. మొదటిది ఆ బంగారు గిన్నె. 1918లో అమెరికా జర్మనీతో యుద్ధము చేయుచుండగా, మార్షల్ దానిని రెడ్ క్రాస్ సహాయనిధికి ఇచ్చివేసెను. దానిని పగులగొట్టినప్పుడు అది మేలిమి బంగారము కాదని, తక్కువ లోహము మీద పూసిన పూత మాత్రమేనని బయటపడెను. చక్రవర్తి ఇచ్చిన గిన్నె పదమూడు సంవత్సరములకే తన విలువ పోగొట్టుకొనెను. రెండవది ఆ నావికులు చేసిన పని. తెరచాప ఓడలలో వారి వేగమును 75 సంవత్సరములు ఎవరును మించలేకపోయిరి. 1980లో ఫ్రాన్సు దేశస్థుడైన ఎరిక్ తబార్లీ క్రొత్త విధముగా కట్టిన ఓడతో దానిని దాటెను. బహుమానము పూత, పని మేలిమి. మన శ్రమకు దొరకు మెప్పును మన శ్రమతో సమానమని ఎంచుకొనువారము ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుట మంచిది.

1910లో ఆయన వెస్ట్‌వర్డ్ అను హెరెషాఫ్ ఓడను ఐరోపాకు తీసికొనిపోయి, జర్మనీ, ఇంగ్లాండు తీరములలో పదకొండు పందెములలో పాల్గొని పదకొండింటను గెలిచెను. అదియే ఆయన చివరి వేసవి. 1911 జనవరి 24న ఇంగ్లాండు దేశపు సౌతాంప్టన్‌లో, గుండె ఆగి, అకస్మాత్తుగా మరణించెను. వయస్సు నలుబది ఆరు సంవత్సరములు మాత్రమే. ఇన్ని తుపానులు దాటినవాడు ఒడ్డుననే కన్నుమూసెను. ఆయన నడిపిన ఓడలును నిలువలేదు. రిలయన్స్‌ను 1913లో ముక్కలు చేసి లోహపు విలువకు అమ్మిరి. వెస్ట్‌వర్డ్‌ను, దాని తరువాతి యజమానుని కోరిక చొప్పున, 1947లో సముద్రమున ముంచివేసిరి.

కొందరు అడుగవచ్చును: ధనవంతుల వినోదమునకై ఇంత ప్రయాస ఎందుకు, దీనివలన లోకమునకు కలిగిన మేలేమి? ఈ ప్రశ్న తగినదే. అడుగు లేని కూజా కొరకు పోసిన ధనముతో ఎన్ని ఆసుపత్రులు కట్టవచ్చునో లెక్కింపనక్కరలేదు. కాని ఆ లెక్క ధనము పోసినవారు చెప్పవలసినది. బార్ జీతము తీసికొని పనిచేసినవాడు. తన వశము చేయబడినది తనది కాకపోయినను, తనదానికంటె ఎక్కువగా దానిని కాపాడెను. నమ్మకమైన గృహనిర్వాహకుడనగా అట్టివాడే గదా. పరుల పొలములో నాటు వేయు తల్లియు, పరుల మగ్గము మీద బట్ట నేయు తండ్రియు, పరుల లారీ నడుపు కుమారుడును ఈ మనుష్యునిలో తమ పోలిక చూడగలరు.

మరియొక పోలిక కూడ ఉన్నది. మన ఊళ్ళలో దుబాయికి, మస్కటుకు, భీవండికి పోయినవారు లేని వాడ లేదు. వారిలో అనేకులు అక్కడ అనుమానపు చూపులను, పరాయివాడన్న మాటను ప్రతిదినము భరించుచున్నారు. చార్లీ బార్ కూడ అట్టి చూపులనే భరించెను. ఆయనకు కోర్టు, బలగము, బంధువులు అండగా నిలువలేదు. సమయమునకు తన చోట నిలుచుట, చేయవలసినది తప్పక చేయుట మాత్రమే ఆయన చేతిలో నుండెను. అంతటితో అందరికిని న్యాయము జరుగునని మేము చెప్పజాలము. మంచిగా పనిచేసియు జీతము రానివారు మన మధ్య ఉన్నారు, వారి పక్షమున మాటలాడుట సంఘముగా మన బాధ్యత. మన వాడలోనికి కూలికై వచ్చిన పరదేశిని మనము ఏ చూపుతో చూచుచున్నామో కూడ పరీక్షించుకొందము. 1899లో సణిగినవారివలె పుట్టిన ఊరు అడిగి ఆగిపోవుచున్నామా, లేక అతని చేతిపని చూచి అతనికి తగిన చోటు ఇచ్చుచున్నామా?